6జీ నెట్‌వర్క్ తాళాలు ఏఐ చేతికి ఇచ్చేయొచ్చా?

రాత్రిషిఫ్ట్

నేను ఒక నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ మధ్య 6జీ గురించి ఎవరు నోరు తెరిచినా "ఏఐ నేటివ్" అంటున్నారు. 5జీలోలా తర్వాత తెచ్చి అతికించడం కాదట, నెట్‌వర్క్ కట్టేటప్పుడే ఏఐని లోపల పెట్టి కడతారట. ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ 2023 నవంబర్‌లో ఆమోదించిన ఐఎంటీ-2030 పత్రంలో 6జీకి ఆరు రకాల ఉపయోగాలు రాశారు. అందులో ఒకటి ఏఐ పేరు మీదే ఉంది.

నా ప్రశ్న చిన్నది. ఏఐ సలహా ఇస్తే చాలా, నిర్ణయం కూడా అదే తీసుకోవాలా? నా ఓటు సలహాకే. ఎందుకో చెప్తాను.

మా దగ్గర కరెంటు ఆదా చేసే ఫీచర్ ఒకటి పెట్టారు. రాత్రి వాడకం తగ్గగానే రద్దీ మోసే కెపాసిటీ సెల్స్‌ని (టవర్ మీది రేడియోల్ని) నిద్రపుచ్చి, కవరేజీ కోసం, దూరం పోయినా తక్కువ డేటా మోసే లో బ్యాండ్ సెల్ ఒక్కదాన్ని మెలకువగా ఉంచుతుంది. ఎక్కడ ఎప్పుడు పడుకోబెట్టాలో పాత ట్రాఫిక్ చూసి అదే నేర్చుకుంటుంది. ఒక ఫిషింగ్ హార్బర్ పక్కన ఉన్న టవర్‌ని కూడా అలాగే పడుకోబెట్టింది. అక్కడ తెల్లవారుజామున మూడింటికి బోట్లు బయల్దేరతాయి. అందరి ఫోన్లలో గీతలు నిండుగానే ఉన్నాయి, వాతావరణం మ్యాప్ మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంది. మా స్క్రీన్ మీద ఒక్క ఎర్ర అలారం లేదు. ఎందుకుంటుంది? సెల్ చెడిపోలేదు కదా, పడుకుంది! రోజు మొత్తం సగటు తీసే రిపోర్టులో అంతా పచ్చగా ఉంది. మూడు వారాల తర్వాత ఒకాయన కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి దులిపేస్తే అప్పుడు తెలిసింది.

కంది_స్కాలర్

అన్నా, మీరు రెండు వేర్వేరు పనుల్ని ఒకే గాటన కట్టేశారు. సెల్‌ని పడుకోబెట్టడం నిమిషాల మీద జరిగే పని. నేను వైర్‌లెస్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, మేం చూసేది మిల్లీసెకన్లలో జరిగేది. రైలు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో ఛానెల్ (టవర్‌కీ ఫోన్‌కీ మధ్య సిగ్నల్ దారి) ఒకట్రెండు మిల్లీసెకన్లకే మారిపోతుంది. బీమ్‌ని, అంటే ఫోన్ వైపు గురిపెట్టే సిగ్నల్‌ని, ఎటు తిప్పాలో ఆలోపే తేల్చాలి. అక్కడ ఏఐ సలహా ఇస్తే వినడానికి ఎవరున్నారు?

ఇంకోటి. మీ టవర్ మూడింటి రద్దీని ఎందుకు నేర్చుకోలేదు? అది రోజూ జరిగేదే కదా.

రాత్రిషిఫ్ట్

రోజూ జరగదు తమ్ముడూ, అదే అసలు కథ. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ ఫీచర్‌ని ఆన్ చేసింది మే మొదట్లో. అప్పుడు రాత్రిళ్లు హార్బర్‌లో కుక్కలు తప్ప ఎవరూ లేరు. అది నేర్చుకున్నది ఆ నిశ్శబ్దాన్నే. జూన్ 15న బోట్లు కదిలాయి. మా ఫ్లోర్‌లో ఉన్న నలుగురిలో ఇద్దరిది కాకినాడ వైపు. వాళ్లని అడిగుంటే అరనిమిషంలో చెప్పేవాళ్లు.

కంది_స్కాలర్

అంటే తప్పు డేటాది. ఏడాది డేటా ఇచ్చుంటే పట్టుకునేది.

ల్యాండ్‌లైన్ తాత

బాబూ, డేటాదా ఏఐదా అని మీరు కొట్టుకుంటున్నారు గానీ, బోటువాడికి రెండూ ఒకటే.

నేను టెలిఫోన్ శాఖలో చేరినప్పుడు యంత్రభాగాలు కదిలి కాల్ కలిపే స్ట్రోజర్ ఎక్స్ఛేంజీలు. హాల్లో అడుగుపెడితే టకటకటకా మోత. ఏ ర్యాక్‌లో సెలెక్టర్ ఇరుక్కుందో చెవితోనే తెలిసేది. నూనె డబ్బా, బ్రష్షు పట్టుకుని వెళ్లేవాళ్లం. 1984లో ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ పెట్టారు, తర్వాత పల్లెలకి చిన్న ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు వచ్చాయి. మోత ఆగిపోయింది. "ఇక చెడిపోతే ఎలా తెలుస్తుంది?" అని మా సీనియర్లు గగ్గోలు పెట్టారు. నిజానికి అవి చెడిపోవడమే తగ్గింది. కాబట్టి కొత్తదంటే నాకేం భయం లేదు. కానీ ఆ బాక్సు చెడిపోతే ఏ సర్క్యూట్ కార్డు పోయిందో అదే చెప్పేది. మీ ఏఐ చెబుతుందా? అదొక్కటే నా ప్రశ్న.

పైసల_లెక్క

ఎవరు అమ్ముతున్నారో కూడా చూడండి. 2024 ఫిబ్రవరిలో బార్సిలోనాలో ఏఐ-రాన్ అలయన్స్ అని, టవర్ల రేడియో నెట్‌వర్క్‌లో ఏఐ పెట్టాలనే కూటమి పెట్టారు. 2025 అక్టోబర్‌లో చిప్పుల కంపెనీ ఎన్విడియా, టవర్ పరికరాలు చేసే నోకియాలో వంద కోట్ల డాలర్లు పెడతానంది. చిప్పులు చేసేవాడు టవర్‌లో కూడా చిప్పు ఉండాలనే అంటాడు. మన టవర్లలో చాలావాటికి కరెంటు పోతే బ్యాటరీ, అదీ అయిపోతే డీజిల్ జనరేటర్. అక్కడ జీపీయూ (ఏఐని నడిపే చిప్పు) పెట్టి దాన్ని చల్లగా ఉంచడానికి ఏసీ కూడా పెడితే, ఫిషింగ్ హార్బర్‌లో ఆదా చేసిన కరెంటు దానికే సరి 😀

ఏజెన్సీ_బడి

మా దగ్గర హాజరు యాప్ తెరవాలంటే బడి వెనక గుట్ట ఎక్కాలి. 6జీ సంగతి తర్వాత, ముందు ఆ గుట్ట దిగేలా చూడండి.

కంది_స్కాలర్

మేడమ్, ఆ ఆరు ఉపయోగాల్లో "అన్నిచోట్లా కవరేజీ" కూడా ఒకటి. మన దేశం నుంచి 5జీఐ అని ఒక 5జీ ప్రమాణం వచ్చిందే, ఐఐటీ మద్రాస్, ఐఐటీ హైదరాబాద్, వైర్‌లెస్ పరిశోధన సంస్థ సీవిట్ కలిసి చేసింది, దాని గొడవంతా అదే. మన పల్లెల్లో టవర్లు దూరదూరంగా ఉంటాయి, ఒక్కో టవర్ సిగ్నల్ ఎక్కువ దూరం పోవాలి అని. తర్వాత దాన్ని ప్రపంచ మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ వాళ్ల రిలీజ్ 17లో కలిపేశారు. గుట్ట కింద టవర్ వేయడం మాత్రం పరిశోధనతో అయ్యే పని కాదు, ఒప్పుకుంటాను.

ఒట్టావా_ఓబులేశు

ఆపరేషన్స్ అన్న చెప్పినదానికి పెద్ద ఉదాహరణ కావాలంటే 2022 జులై 8 చూడండి. కెనడాలో రోజర్స్ నెట్‌వర్క్ మొత్తం పడిపోయింది. కోటీ ఇరవై లక్షల మందికి పైగా కస్టమర్లు. డెబిట్ కార్డులు నడిపే ఇంటరాక్ కూడా ఆగింది. తర్వాత నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ కోసం క్సోనా పార్ట్‌నర్స్ అనే సంస్థ చేసిన విచారణలో రెండు సంగతులు బయటపడ్డాయి.

ఒకటి: ఏడు దశల అప్‌గ్రేడ్‌ని మొదట్లో "హై రిస్క్" అనే గుర్తించారు. ముందు దశలు సాఫీగా అయిపోయేసరికి రిస్క్ లెక్కగట్టే అల్గారిథమ్ ఆరో దశని "లో రిస్క్"కి దించేసింది. కొంప ముంచింది ఆ ఆరో దశే, రూటర్లలో దారుల సమాచారం వరదలా రాకుండా ఆపే ఒక ఫిల్టర్ తీసేయడం. రెండు: కోర్ (నెట్‌వర్క్‌కి గుండెకాయ లాంటి భాగం) పడిపోయేసరికి సరిచేయాల్సిన ఇంజినీర్లకి కూడా లోపలికి దారి లేకుండా పోయింది, ఎందుకంటే మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ కూడా అదే కోర్ మీద ఆధారపడింది.

అది ఏఐ కూడా కాదు, మామూలు అల్గారిథమ్. ఐదుసార్లు బాగానే అయింది కాబట్టి ఆరోసారీ బాగానే అవుతుందనుకుంది. వేట నిషేధంలో నేర్చుకున్న మీ టవర్ చేసిందీ ఇదే.

కంది_స్కాలర్

ఈ ఉదాహరణ బాగుంది, కానీ మీ వాదనకే అడ్డు తిరుగుతుంది సార్. ఆ ఫిల్టర్‌ని తీసింది మనుషులే కదా. అల్గారిథమ్ సలహా ఇచ్చింది, మనుషులు నమ్మారు. "సలహా ఇస్తే చాలు" అంటే దక్కే రక్షణ ఇంతే.

రాత్రిషిఫ్ట్

ఇది మాత్రం తగిలింది. రాత్రి మూడింటికి సిస్టమ్ "లో రిస్క్" అని చూపిస్తే నేనూ ఓకే కొట్టేవాణ్ణే. రోజుకి వందల అలారాలు చూసే కళ్లకి పచ్చ రంగు కనబడితే హాయిగా ఉంటుంది.

సరే, మాట మార్చుకుంటున్నా. మీ మిల్లీసెకన్ల పని ఏఐకే ఇవ్వండి. ఇప్పుడు కూడా అది మనిషి చేతిలో లేదు, ఫార్ములా చేతిలో ఉంది. ఫార్ములా బదులు ఏఐ మోడల్ వస్తుంది, అంతే. కానీ అక్కడైనా తాత అడిగింది అడుగుతా. తప్పు చేస్తే ఎవరిదని తేలుతుందా?

కంది_స్కాలర్

నిజం చెప్పాలంటే మా దగ్గర కూడా తల బద్దలయ్యేది అక్కడే. 3జీపీపీ రిలీజ్ 18లో రేడియోలో ఏఐ వాడకానికి మూడు పనులు తీసుకుని అధ్యయనం చేశారు. ఛానెల్ సమాచారం పంపడం, బీమ్ ఎంచుకోవడం, ఫోన్ ఎక్కడుందో కనిపెట్టడం. బీమ్, పొజిషనింగ్ రిలీజ్ 19 ప్రమాణాల్లోకి వెళ్లాయి. మొదటిదాంట్లో కుదింపు అనే భాగం మాత్రం అప్పటికీ అధ్యయనం దగ్గరే ఉంది. ఎందుకంటే ఫోన్‌లో ఒక మోడల్ ఛానెల్ వివరాల్ని కుదించి పంపుతుంది, టవర్‌లో ఇంకో మోడల్ దాన్ని విప్పుతుంది. రెండూ జంటగా నేర్చుకోవాలి. ఫోన్ చేసేది ఒక కంపెనీ, టవర్ చేసేది ఇంకో కంపెనీ. ఎవరూ తమ మోడల్ చూపించరు. స్పీడ్ పడిపోతే ఫోనువాడు టవరంటాడు, టవరువాడు ఫోనంటాడు.

ల్యాండ్‌లైన్ తాత

అచ్చం మా రోజుల్లో లాగే! ఎక్స్ఛేంజీవాళ్లు "కేబుల్ పోయింది" అనేవాళ్లు, కేబుల్ వాళ్లు "కార్డు పోయింది" అనేవాళ్లు. ఇద్దరినీ ఒకే జీపులో ఎక్కించి పంపితేనే లైను బాగయ్యేది. మీ మోడళ్లని ఏ జీపు ఎక్కిస్తారు?

పైసల_లెక్క

తాత రాక్స్.

ఇంతకీ రాత్రిషిఫ్ట్ గారూ, ఆ హార్బర్ టవర్ ఇప్పుడెలా ఉంది?

రాత్రిషిఫ్ట్

ఆ టవర్ సెల్‌ని "నిద్రపుచ్చకూడదు" అనే లిస్టులో పెట్టాం. చేత్తోనే. పోయిన సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్‌లో ఆ లిస్టు దానంతటదే ఖాళీ అయింది, మళ్లీ ఎక్కించాను. అప్పట్నుంచి అప్‌గ్రేడ్ ఉన్న ప్రతి రాత్రి తెల్లవారుజామున 2:45కి ఫోన్‌లో అలారం పెట్టుకుని, ఆ ఒక్క సెల్ లేచే ఉందా అని తెరిచి చూస్తున్నాను.