కర్నూలు నుంచి అనంతపురం: 1:5,00,000 చార్టా, టోపో షీట్లా?

హంద్రీ ఒడ్డు:
ఓపెన్ కాక్‌పిట్ మైక్రోలైట్‌కు (తేలికపాటి చిన్న విమానం) లైసెన్సు ఈమధ్యే వచ్చింది. కర్నూలు నుంచి అనంతపురానికి పగటిపూట నేలను చూసుకుంటూ వెళ్లాలని ఉంది. 1:5,00,000 (సెం.మీ.కు 5 కి.మీ.) ఫ్లయింగ్ చార్టులో చిన్న ఊళ్లు ఉండవు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 (సెం.మీ.కు అర కి.మీ.) టోపో షీట్లలో, అంటే నేల మ్యాపుల్లో, ప్రతి ఊరూ, చెరువూ ఉంటాయి. అవే ప్రింట్ తీసుకుంటే మేలనిపిస్తోంది. మీరేమంటారు?

గుత్తి కోట:
వద్దు తమ్ముడూ. నేరుగా కొలిస్తే ఇంచుమించు 135 కి.మీ. టోపోల మీద అది 2 మీటర్ల 70 సెంటీమీటర్లు. గాలి కొడుతుంటే అన్ని షీట్లు ఎట్లా మారుస్తావు? ఐదు లక్షల చార్టులో అదే దారి 27 సెం.మీ.; మడిచి మోకాలికి కట్టుకోవచ్చు. 60 నాట్ల (గంటకు సుమారు 111 కి.మీ.) వేగంతో నిమిషానికి దాదాపు 4 మి.మీ. జరుగుతావు, వేలు పెట్టి వెంబడించడానికి బాగుంటుంది.

అసలు భయం ఎత్తులది. టోపోలో ఎత్తు మీటర్లలో, నీ ఆల్టిమీటర్ (ఎత్తు చూపే మీటరు) అడుగుల్లో. 600 అని రాసి ఉంటే అది 1,968 అడుగుల కొండ. టెన్షన్‌లో ఉన్నప్పుడు ఈ లెక్క గుర్తుకు రాదు. పైగా ఓర్వకల్లు విమానాశ్రయం చుట్టూ ఉన్న ఎయిర్‌స్పేస్ గీతలు (ఆ గగనతలం హద్దులు) టోపోలో ఉండవు.

పెన్నా ఇసుక:
అసలు పేపర్ ఎందుకు? విమానయాన సమాచారం 28 రోజులకోసారి మారుతుంది. కొత్త గాలిమరలు, టవర్లు లేస్తూనే ఉన్నాయి. ట్యాబ్‌లో అప్‌డేట్ చేసుకుంటే పోతుంది.

గుత్తి కోట:
అప్‌డేట్ మాట నిజమే, కాదనను. కానీ ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వాడమని తయారు చేసినవాళ్లే చెబుతారు. మన ఏప్రిల్ ఎండ సంగతి తెలియనిదా? పోయిన వేసవిలో పత్తికొండ దాటాక నా ట్యాబ్ వేడెక్కి ఆరిపోయింది. మోకాలి మీద చార్టు ఉంది కాబట్టి సరిపోయింది.

అప్పుడే ఇంకోటి తెలిసింది. చార్టులో నీలంగా ఉన్న చెరువులు కింద ఎండిపోయి ఉన్నాయి. పెన్నా కూడా అంతే, చార్టులో నీలం గీత, పైనుంచి చూస్తే తెల్లటి ఇసుక పట్టీ. వానాకాలంలో తిరగబడుతుంది: చార్టులో లేని పంట కుంటలన్నీ నిండి మెరుస్తుంటాయి. కాబట్టి మన సీమలో నీళ్లను నమ్మి దారి వెతకొద్దు. రైలు పట్టాలు, కొండలు నమ్ము. గుత్తి దగ్గర లైన్లు చీలే తీరు, పక్కనే కోట ఉన్న కొండ, ఈ రెండూ కలిసి మరెక్కడా కనబడవు. నేను దారిలో పడింది వాటిని చూసే.

పెన్నా ఇసుక:
ఎండ సంగతి ఒప్పుకుంటున్నా. కానీ ముందురోజు నోటామ్‌లు (పైలట్లకు ఇచ్చే తాజా హెచ్చరికలు) చూసి చార్టు మీద పెన్సిల్‌తో దిద్దుకోకపోతే పేపర్ కూడా అంతే ప్రమాదం. అంచున అచ్చయిన తేదీ చూడకుండా మాత్రం కొనొద్దు.

హంద్రీ ఒడ్డు:
సరే అన్నా, ఐదు లక్షలదే తీసుకుంటా. దిగే చోటు చుట్టుపక్కల చూసుకోవడానికి ఒక్క టోపో ఇంట్లో పెట్టుకుంటా. చార్టును లామినేట్ చేయించాలా?

గుత్తి కోట:
వద్దు. ఎండకు మెరుస్తుంది, మడత పడదు, పెన్సిల్ అంటదు. పారదర్శకమైన కవర్లో పెట్టి, గట్టి క్లిప్పు వేసుకో.