అప్‌డేట్: స్క్వాష్‌లో వాలీ ఇప్పుడు కుదురుతోంది

క్రాస్‌కోర్ట్ బంతులు (కోర్టుకి అడ్డంగా అవతలి వైపుకి కొట్టేవి) నన్ను దాటి వెనక మూలల్లో పడుతున్నాయి, టీ (కోర్టు మధ్యలో గీతలు కలిసే చోటు) దగ్గరే వాలీతో, అంటే బంతి నేల తాకకముందే కొట్టి, ఎలా ఆపాలని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. బాగా పనిచేసింది రాకెట్ తలని ఛాతీ ఎత్తులో సిద్ధంగా ఉంచడం. వెనక్కి లాగడం తగ్గించి, బంతిని ఒంటికి ముందే అందుకుంటున్నాను. మణికట్టు బిగువుగా ఉంటే బలంతో పనే లేదు. ఇంకోటి, అవతలివాళ్లు కొట్టేటప్పుడు ముందుగోడని కాదు, మెడ తిప్పి వాళ్ల రాకెట్‌ని చూడమన్నారు. కదలడానికి ఆ క్షణం నిజంగానే దొరుకుతోంది! డ్రాప్ (ముందుగోడ దగ్గరే మెల్లగా పడే షాట్) వేయాలన్న ఆశ ఆపుకుని, ముందుగోడ మీద 1.78 మీటర్ల ఎత్తులో ఉండే సర్వీస్ లైన్‌కి పైగా, పక్కగోడ వెంబడే నేరుగా పంపుతున్నాను. దాన్ని తీయడానికి వాళ్లు వెనక మూలకి పోతే, టీ నాదే. బ్యాక్‌హ్యాండ్ వైపు వచ్చే ఎత్తైన లాబ్ మాత్రం ఇంకా కష్టంగానే ఉంది. పక్కగోడకి తగలకముందే తీసుకోవాలా, తగిలాకనా?