పాత హైస్కూలు పెంకుల బిల్డింగు: తీసేద్దామా, బాగుచేయిద్దామా?

83 బ్యాచ్, బి సెక్షన్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం పూర్వ విద్యార్థుల మీటింగుకి రాలేకపోయినవాళ్ళ కోసం ముందు జరిగింది చెప్తాను. మన హైస్కూల్లో రోడ్డు వైపున్న పాత పెంకుల బిల్డింగుని శిథిల భవనం కింద రాసేశారు. ఎనిమిది గదులకీ తాళాలు పడ్డాయి. సంఘం దగ్గర పోగైన డబ్బుతో దాన్ని తీయించేసి, ఆ జాగాలో రెండంతస్తుల స్లాబు బిల్డింగు లేపి, గదికో దాత పేరు చెక్కిద్దామని ఎక్కువమంది చేతులెత్తారు. కొందరేమో బిల్డింగు ఉంచి మ్యూజియం చేద్దామన్నారు. నేను రెంటికీ ఒప్పుకోలేదు. ఫైలు ఇంకా నడుస్తోంది కాబట్టి ఊరి పేరు, స్కూలు పేరు ఇక్కడ రాయొద్దని అందరికీ మనవి.

నా మాట ఒక్కటే. ఆ బిల్డింగు బాగుచేయించాలి, అందులో మళ్ళీ పిల్లలు కూర్చుని చదువుకోవాలి.

మీటింగుకి ముందురోజు అటెండరు గారిని అడిగి తాళం తీయించుకుని వెళ్ళి చూశాను. మే నెల, మిట్టమధ్యాహ్నం. బయట చెప్పుల్లేకుండా అడుగు వేయలేం. లోపల మాత్రం కుండలో నీళ్ళలా చల్లగా ఉంది. రెండడుగుల మందం గోడ, పైన ఎత్తయిన కప్పు, ఎదురెదురుగా కిటికీలు. మా ఎనిమిదో తరగతి గదిలో నల్లబల్ల గోడలోనే కలిసిపోయి ఉంటుంది, గుర్తుందా? దాని అంచున సుద్దముక్క పెట్టుకునే గూడు ఇంకా తెల్లగానే ఉంది. కిటికీ గట్టు మీద మనకంటే ముందువాళ్ళు కాంపాసు ముల్లుతో చెక్కుకున్న పేర్లున్నాయి. వరండా చివర బెల్లు కొట్టే రైలు పట్టా ముక్క వేలాడుతోంది. పక్కన పడున్న ఇనప ఊచతో ఒక్క దెబ్బ కొట్టాను. రోడ్డు మీద పోతున్న పెద్దాయన ఆగి వెనక్కి తిరిగి చూశాడు.

ఇంకోటి చూడండి. అదే ఆవరణలో మనం చదివేటప్పుడు కొత్తగా కట్టిన స్లాబు బ్లాకు ఉంది కదా, దాని సన్‌షేడులు పెచ్చులూడి ఊచలు బయటపడ్డాయి. ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉబ్బిపోయాయి. దాన్నెవరూ శిథిలం అనలేదు. పెంకులు కనబడితే చాలు పాతదని, స్లాబు కనబడితే గట్టిదని రాసేస్తున్నారు.

ప్రస్తుతం అక్కడే పాఠం చెప్తున్న టీచరు

నమస్కారం సార్. నేను ఆ స్కూల్లో చదువుకోలేదు, పనిచేస్తున్నాను. మీరు మే నెలలో చూశారు. నేను జూలైలో చూస్తాను.

వర్షం మొదలైతే నాలుగో గదిలో పదమూడు చోట్ల కారేది. బకెట్లు, మధ్యాహ్న భోజనం గిన్నెలు పెట్టి పాఠం చెప్పాను. 2022లో మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లల్ని హైస్కూలుకి కలిపినప్పుడు గదులు చాలక వాళ్ళని వరండాలో కూర్చోబెట్టాం. ఎనిమిదేళ్ళ పిల్లలండి వాళ్ళు. ఒకరోజు ఇంటర్వెల్లులో పెంకు జారి, అంతకు నిమిషం ముందు ఒక పాప కూర్చున్న చోట పడి ముక్కలయింది. ఆ మధ్యాహ్నమే గది ఖాళీ చేయించాం. మీకది జ్ఞాపకం, నాకది హాజరు. పొద్దున్న పేరు పిలిచిన ప్రతి పిల్లనీ సాయంత్రం క్షేమంగా ఇంటికి పంపాలి.

బిల్డింగు ఉంచండి, తీసేయండి, నాకు పట్టింపు లేదు. వర్షం పడని గదులు కావాలి. మరుగుదొడ్లకి నీళ్ళు కావాలి. ఈ చర్చ ఏడాది సాగితే ఆ ఏడాదీ వరండాలోనే.

66 ఎస్సెల్సీ

టీచరు గారి బాధ న్యాయమైనదే. కానీ కూల్చేయడం అంటే ఏం పోతుందో పిల్లకాయలకి తెలియాలని నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఈ గోదావరి డెల్టాలో ఇంగ్లీషు చదువు ఆకాశంలోంచి ఊడిపడలేదు. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవలొచ్చాయి, వరి పండింది, రైతు చేతిలో నాలుగు రూపాయలు ఆడాయి. ఆ మరుసటేడు, 1853లో, రాజమండ్రిలో జిల్లా స్కూలు పెట్టారు. అదే పెరిగి పెద్దదై ఇవాళ్టి ఆర్ట్స్ కాలేజీ అయింది. ఆ దశాబ్దంలోనే నరసాపురం వైపు సబ్ కలెక్టరు టేలర్ హయాంలో రైతులు శిస్తుతో పాటు బడి కోసం విడిగా పన్ను కట్టడానికి ఒప్పుకున్నారు. రేటు స్కూళ్ళు అనేవారు వాటిని. దొర పేరు నరసాపురం టేలర్ హైస్కూలుకి నిలిచింది గానీ, డబ్బు మాత్రం పొలం గట్ల మీంచి వచ్చింది. ఆ పద్ధతికి చట్టం చేసింది తర్వాత, 1863లో.

1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడితే కుర్రాళ్ళు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతికి వెళ్ళారు. అందుకే ట్రైనింగు కాలేజీలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని అక్కణ్ణుంచి వెళ్ళగొట్టారు. ఈ ప్రాంతంలో దేశం అన్న మాట బెంచీల మీదే మొదలయింది. అలాంటి గాలి పీల్చిన గోడలవి. మా రోజుల్లో తెలుగు మాస్టారు పద్యం మొదలుపెడితే పక్క సెక్షను కూడా ఆగి వినేది. ఇప్పుడు ఆ స్థాయి ఎక్కడుంది? అందుకే మ్యూజియం అంటున్నాను. ఆనర్స్ బోర్డులు (ఫస్టొచ్చినవాళ్ళ పేర్లు రాసిన పలకలు), గ్రూపు ఫొటోలు పెట్టి తాళం వేస్తే భద్రంగా ఉంటుంది.

పేట నుంచి, 99 బ్యాచ్

పెద్దాయన గారూ, మీ మీద గౌరవంతోనే రాస్తున్నాను. స్థాయి అన్నారు కదా. ఆ స్థాయి రోజుల్లో ఆ తరగతిలో ఎవరు కూర్చున్నారో కూడా చెప్పండి.

నాకు తెలిసింది నేను చెప్తాను. మా నాన్న డూప్లికేటు టీసీ కోసం తిరుగుతున్నప్పుడు నేను కూడా వెళ్ళాను. ఆఫీసు గదిలో చెక్క బీరువా తీసి గుమాస్తా గారు పాత ఎడ్మిషన్ రిజిస్టర్లు ఒక్కొక్కటే దించారు. ఎర్ర కాలికో బైండు, వేలు పెడితే అంచులు పొడి రాలుతున్నాయి. నాన్న పేరు దొరికాక, ఊరికే ఇంకా వెనక్కి తిప్పాం. మా తాతయ్య పేరు కనిపించింది. ఫస్టు ఫారం, అంటే ఇప్పటి ఆరో తరగతి. మా ఇంట్లో తాతయ్య ఫొటో లేదు, పట్టా లేదు, ఆయన పేరున్న చిన్న చీటీ కూడా లేదు. పుట్టిన తేదీతో సహా ఆయన పేరు మాకు కనబడిన ఒకే ఒక్క కాగితం అది. తండ్రి పేరు గడిలో పేరు చివర ‘గాడు’ అని రాశారు. కులం గడిలో రాసిన మాట ఇప్పుడు రాయను. చివరి గడిలో, థర్డ్ ఫారంలో (ఎనిమిదో తరగతిలో) ఉండగా, ‘ఫీజు కట్టనందున పేరు తీసివేయడమైనది’. నాన్న ఆ లైను మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు పిఠాపురం రాజా వారి సాయంతో దళిత పిల్లలకి హాస్టలు నడిపారని చదువుకున్నాం. అక్కడ ఆ మహానుభావుడున్నాడు కాబట్టి జరిగింది. అందరికీ అది దొరకలేదు.

మీ ఆనర్స్ బోర్డు మీద మా తాతయ్య ఉండరు. రిజిస్టర్లో ఉన్నారు. మ్యూజియం పెడితే ఆ రిజిస్టరు పెట్టండి. ఇప్పుడు ఆ బీరువా ఎక్కడుందో తెలుసా? తాళం వేసిన ఎనిమిది గదుల్లో చివరి దాంట్లో, పెంకులు లేచిపోయిన మూలకి ఆరడుగుల దూరంలో. కట్టడమా కూల్చడమా అని మనం వాదించుకుంటుంటే ఈ వర్షాకాలానికి అది తడిసి ముద్దవుతుంది. నా వరకు బిల్డింగు కంటే అదే ముందు.

సున్నం పని చేయించిన ఇంజినీరు

నేను మీ స్కూలు కాదు, పక్క ఊరు. పాత కట్టడాల మరమ్మతు నా పని. బిల్డింగు బయటినుంచే చూశాను, కాబట్టి బాగుందనీ పడిపోతుందనీ ఇప్పుడే అనను. ఏం చూడాలో చెప్తాను.

మన దగ్గర ఆ కాలపు గోడలు డంగు సున్నంతో లేచాయి. సున్నం, ఇసుక గానుగలో నూరి, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపేవారు. ఆ గోడ ఊపిరి పీలుస్తుంది, నేల చెమ్మ పైకెక్కినా బయటికి ఆరిపోతుంది. డెల్టాలో నీరు నేలకి దగ్గర, పైగా బంకమట్టి ఎండకి బీటలిచ్చి వానకి ఉబ్బుతుంది. సున్నపు గోడ దానికి తగ్గట్టు కాస్త కదులుతుంది. చాలాచోట్ల ప్రాణం తీసింది సిమెంటు. చెమ్మ కనబడిందని మీద సిమెంటు పూత పూస్తారు, చెమ్మ లోపలే ఉండిపోయి ఇటుక పిండి అవుతుంది. మీ బిల్డింగుకి కింద నాలుగడుగులు సిమెంటు పూసి ఉంది, రోడ్డు మీంచే కనబడుతోంది. ముందు అది చెక్కేయాలి.

పెంకు సంగతి. మనం బెంగుళూరు పెంకులు అంటాం గానీ అవి పుట్టింది మంగుళూరులో, 1865లో బాసెల్ మిషన్ వాళ్ళ ఫ్యాక్టరీలో. జారిపోవడం పెంకు తప్పు కాదు, కింద ఆనే చెక్క పట్టీలు చివికిపోతే పెంకు ముక్కు పట్టుకోదు. పట్టీలు మార్చి, వరండా మీద ప్రతి పెంకునీ తీగతో కట్టి, కింద వల బిగించవచ్చు. టీచరు గారు చెప్పిన ప్రమాదానికి మందు అది. దూలాలు టేకే అయినా గోడలో దిగిన కొసలు చూడాలి, చెద అక్కడ తింటుంది. సుత్తితో కొడితే శబ్దమే చెప్తుంది. ఎనిమిది గదులూ ఒకే స్థితిలో ఉండవు. నాలుగు నిలబడి, నాలుగు తీసేయాల్సి రావచ్చు. అప్పుడు ఆ నాలుగూ తీసేయాలి, మొహమాటం వద్దు.

96 తుఫాను బ్యాచ్, అమ్మాయి

1996 నవంబరు 6 రాత్రి మేం ఆ బిల్డింగులోనే ఉన్నాం. నేను తొమ్మిదో తరగతి. గాలికి రెండు గదుల పెంకులు లేచిపోతే అందరం మూడో గదిలోకి పాకాం. మా అమ్మ తమ్ముణ్ణి నల్లబల్ల కింద గోడకి ఆనించి, తను అడ్డంగా కూర్చుంది. తెల్లారేసరికి కొబ్బరి తోటలన్నీ పడుకుని ఉన్నాయి, గోడ మాత్రం నిలబడి ఉంది. కప్పు నన్ను కాపాడిందని చెప్పను, గోడ కాపాడింది. ఇంజినీరు గారు చెప్పింది నాకు వెంటనే అర్థమయింది.

ఇంకొక్క మాట. కందుకూరి వారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టింది 1874లో. మేం చదివే నాటికి దానికి నూటపాతికేళ్ళు కావస్తున్నా, మా స్కూల్లో ఆడపిల్లలకి తలుపు పడే మరుగుదొడ్డి లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా ఉండేవాళ్ళం. ఏం కట్టినా ముందు అది కట్టండి.

సంఘం కమిటీ నుంచి

అందరి మాటలూ చదివాం. ఒక ఇబ్బంది చెప్పాలి. దాతల్లో సగంమంది కొత్త గదికి పేరు పెడతామంటేనే ఇచ్చారు. మరమ్మతు అంటే వెనక్కి అడుగుతారేమో. కూల్చడానికి అనుమతి వచ్చేలా ఉంది, మరమ్మతుకి మళ్ళీ మొదట్నుంచి తిరగాలి.

83 బ్యాచ్, బి సెక్షన్

కమిటీ వారికి: నా వాటా మీద నా పేరు అక్కర్లేదు. దాన్ని మరుగుదొడ్లకి రాసుకోండి. నాలాగే అనుకునేవాళ్ళు ఇక్కడే చెప్పండి, ఎంత మిగులుతుందో తేలుతుంది.

టీచరు గారూ, మీరు జూలై అన్న మాట రెండు రోజులుగా వదలడం లేదు. పిల్లలు మళ్ళీ అక్కడ కూర్చోవాలని ఇప్పటికీ అంటాను, కానీ ఇంజినీరు గారు సుత్తి పెట్టి సరేనన్న గదుల్లోనే. కాదన్న గదులు తీసేసి ఆ జాగాలో కొత్తవి కడదాం. మొదటి రోజు అన్నీ ఉంచాలన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తాళం వేసే మ్యూజియానికి మాత్రం ఒప్పుకోను. 66 ఎస్సెల్సీ గారు చెప్పిన రైతుల పన్ను తరగతి కోసం కట్టింది.

పేట తమ్ముడూ, ఆ బీరువా సంగతి నాకు తెలియదు. గది బయట నిలబడి కిటికీ గట్టు మీద పేర్లు చూసి మురిసిపోయాను, లోపల అసలు పేర్లున్నాయి. ఈ ఆదివారం వస్తావా? ప్రతి పేజీ ఫొటో తీద్దాం. నా దగ్గర మంచి కెమెరా ఉంది, స్టాండు కూడా.

66 ఎస్సెల్సీ

నేనూ వస్తాను. పాత చేతిరాత, కలిపిరాత నాకు చదవడం వచ్చు. 1907 పేజీలు నేను చదువుతాను, ఎవరి పేర్లు తీసేశారో చూడాలి. బాబూ, మీ తాతయ్య గారి పేజీ నువ్వు చదువు, నేను రాసుకుంటాను.

ప్రస్తుతం అక్కడే పాఠం చెప్తున్న టీచరు

హెడ్మాస్టరు గారితో మాట్లాడాను. ఫొటోలకి ఒప్పుకున్నారు, సంఘం లెటర్‌హెడ్ మీద ఒక అర్జీ పట్టుకురండి. రిజిస్టర్లు బీరువాతో సహా రేపే స్టాఫ్ రూమ్‌లోకి మార్పిస్తున్నాం, అక్కడ కారదు. కాగితాలు తిప్పడానికి చేతులు పొడిగా ఉండాలి, నూలు గుడ్డ తెచ్చుకోండి. ఒక్క రిజిస్టరు కూడా గేటు దాటనివ్వను, ముందే చెప్తున్నాను. ఇంజినీరు గారు అదే రోజు వస్తే నిచ్చెన నేను చూస్తాను. తొమ్మిదింటికల్లా రండి, తర్వాత ఆ గదిలో వెలుతురు తగ్గుతుంది.