మటన్‌లోకి రెడ్ వైన్: చవక సీసా చాలదా?

హన్మకొండ వంటిల్లు:
ఫ్రాన్స్‌లో బర్గండీ వైపు గొడ్డు మాంసాన్ని రెడ్ వైన్‌లో గంటల తరబడి ఉడికిస్తారు. అదే పద్ధతిలో ఈ ఆదివారం కిలో మేక మాంసం వండుదామనుకుంటున్నా. "తాగడానికి బాగుండని వైన్ కూరకూ పనికిరాదు, రెండు వేల సీసా తీసుకో" అంటున్నాడు మా తమ్ముడు. కూరలో పోసేదానికి అంత పెట్టాలా?

కరీంనగర్ అన్న:
మీ తమ్ముడు చెప్పిందే నిజం. పోయినేడు నేను వైన్స్‌లో అన్నిటికంటే చవక సీసా తెచ్చి పోశాను. కూర పాకంలా తియ్యగా అయింది, ఎవరూ ముట్టలేదు. కిలో మటన్ పోయింది.

కాజీపేట వంటమనిషి:
అన్నా, ఆ సీసా మీద 'పోర్ట్' అని ఉండి ఉంటుంది. మన దగ్గర చవకగా దొరికేవాటిలో తీపి పోర్ట్ రకాలు చాలా ఉంటాయి. మీ కూరను చెడగొట్టింది తీపి, తక్కువ ధర కాదు. వైన్ మరిగి సగానికి దిగితే అందులోని తీపి, పులుపు, వగరు అన్నీ చిక్కబడతాయి. ఆల్కహాల్‌లో చాలా భాగం, సున్నితమైన వాసనలు మాత్రం ఆవిరైపోతాయి. రెండు వేల సీసాలో మనం డబ్బు పెట్టి కొనేది ఆ వాసనలనే.

పదేళ్లు హోటల్ కిచెన్‌లో చేశాను, అందుకే గట్టిగా చెప్తున్నా. తీపి లేని డ్రై వైన్ కావాలి. వగరు తక్కువుండాలి. పచ్చి నేరేడు కాయ కొరికితే నాలుక పట్టేస్తుంది కదా, ఆ వగరు మరిగేకొద్దీ చేదుగా తేలుతుంది. అందుకే కాబెర్నే సావిన్యోన్ అనే ద్రాక్షతో చేసిన వైన్ కంటే మెర్లో ద్రాక్షతో చేసింది నయం. ఓక్ పీపాల్లో ఎక్కువ కాలం ఉంచినది వద్దు, ఆ చెక్క రుచి కూడా కూరలో ముదురుతుంది. నాసిక్ వైపు నుంచి వచ్చే మామూలు డ్రై రెడ్ చాలు. 'కుకింగ్ వైన్' అని అమ్మేవాటిలో మాత్రం ఉప్పు కలిపి ఉంటుంది, అది దిగేసరికి కూర ఉప్పుకషాయం.

ఇంకో మాట. తేజ మిర్చి, గరం మసాలా దట్టిస్తే ఏ వైన్ పోసినా తెలియదు. మన వరంగల్ చపాటా మిర్చి వేసుకోండి. 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది దానికే. ఎర్రటి రంగు ఇస్తుంది, కారం తక్కువ.

ములుగు రోడ్డు:
ఇంత తిప్పలెందుకు? పులుపు కోసమే అయితే చింతపండు రసం పోస్తే పోదా? మా ఇంట్లో అమ్మ మందు వాసన పడితే ప్లేటే ముట్టదు. ఉడికితే ఆల్కహాల్ మొత్తం పోతుందంటారు, అది నిజమేనా?

కాజీపేట వంటమనిషి:
మొత్తం పోదు తమ్మీ. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక చూడు: కలిపి ఉడికిస్తే 15 నిమిషాలకు 40 శాతం, గంటకు 25 శాతం, రెండున్నర గంటలకు 5 శాతం మిగులుతుంది. కుక్కర్ మూత పెడితే ఆవిరి లోపలే ఉంటుంది కాబట్టి ముందు మూత లేకుండా మరిగించాలి. అమ్మకు తప్పకుండా ముందే చెప్పు. ఆమె వద్దంటే వైన్ లేకుండానే వండు, చెప్పకుండా పెట్టడం చాలా తప్పు. చింతపండుతో మంచి కూరే అవుతుంది కానీ అది వేరే కూర.

కరీంనగర్ అన్న:
నాది పోర్టే అన్నా, ఇప్పుడు గుర్తొచ్చింది. ధర మీద నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ సీసా మూత తీయగానే ఒక చుక్క నాలుక మీద వేసుకోవాలి, అది మాత్రం వదలను. పాడైన వైన్‌ను ఏ వంటా బాగుచేయదు.

కాజీపేట వంటమనిషి:
అది పూర్తిగా ఒప్పుకుంటా.

హన్మకొండ వంటిల్లు:
చవక మెర్లో తెచ్చాను. మాంసం ఎర్రగా వేయించి తీసి, అదే గిన్నెలో ఉల్లిగడ్డ మగ్గాక 300 మి.లీ. పోశాను. అడుగున పట్టింది గీకుతూ సగానికి దిగేదాకా మరిగించి, మాంసం, నీళ్లు వేసి సిమ్‌లో రెండున్నర గంటలు ఉంచాను. అల్యూమినియానికి పులుపు పడదని స్టీల్ గిన్నె వాడాను. తియ్యగా లేదు, చేదు లేదు. ముక్క వేలితో విడిపోయింది. మిగిలిన వైన్ ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టాను. మా తమ్ముడు రెండోసారి వడ్డించుకున్నాక సీసా చూపించాను.