వీ-క్రాస్‌కి ముందు వించ్: కావాలంటే తగిలించి, వద్దంటే తీసేసేలా ఎవరైనా చేయించారా?

మామిడితోట517

అన్నలూ, నాది ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్, ఫోర్ బై ఫోర్. మన శ్రీసిటీలో తయారైన బండే, కానీ దీనికి ముందు వించ్ (కూరుకుపోతే తాడు చుట్టుకుంటూ బండిని లాగే కరెంటు మోటారు) పెట్టాలని చిత్తూరులో ఎవర్ని అడిగినా ముందున్న బంపర్ పీకేసి ఇనుప బంపర్ వేసేద్దాం అంటున్నారు. నాకు అది వద్దు.

తోట దామలచెరువు పక్కన. కాయల టైమ్‌లో నేల గట్టిగా ఉంటుంది, ఏ ఇబ్బందీ లేదు. నవంబర్, డిసెంబర్ వానలకి మాత్రం చెరువు కిందున్న బాట అంతా జిగురు బురద. పోయిన ఏడాది రెండుసార్లు కూరుకుపోతే ట్రాక్టర్ పిలిపించి లాగించుకున్నా. ట్రాక్టర్ ఆయన డబ్బులు తీసుకోడు గానీ ఊరంతా చెప్తాడు, దానికంటే డబ్బులు తీసుకున్నా బాగుండేది.

మిగతా పది నెలలు బండి తిరుపతి, చిత్తూరు రోడ్డు మీదే తిరుగుతుంది, నెలకోసారి కొండకి పోతుంది. అందుకే ఊరికే మోయకుండా తీసి షెడ్డులో పెట్టుకునేలా కావాలి. 9,500 పౌన్ల వించ్ కొనేశాను, అంటే 4,300 కిలోలు. నంబర్ ప్లేటు వెనక 2 అంగుళాల చదరపు గొట్టం పెట్టి, వించ్ కూర్చునే ట్రే కింద కడ్డీ వేసి, దూర్చి పిన్ను కొట్టేద్దామని ప్లాన్. ఒక్క పిన్ను అంత బరువు లాగుతుందా? గొట్టం ఏది తీసుకోవాలి? వైర్లు ఎలా లాగాలి? చేయించినవాళ్లు చెప్పండి, చూడనివాళ్లు దయచేసి ఇనుప బంపర్ మాత్రం చెప్పకండి.

గ్రీజుచేతులు

తిరుపతిలో లేత్, వెల్డింగ్ పని నాది. ఇలాంటివి మూడు చేశాను, ఒకటి పాడు చేశాను కూడా.

పిన్ను గురించి అందరూ భయపడతారు, నిజానికి అది చిన్న సమస్య. 16 ఎంఎం పిన్ను తెగాలంటే రెండు చోట్ల తెగాలి, రెండూ కలిపితే 400 చదరపు మిల్లీమీటర్లు. మామూలు ఎంఎస్ (మెత్తటి ఇనుము) రాడ్డు కోసి వేస్తే 6 టన్నుల లోపే సాగడం మొదలుపెడుతుంది. నీ వించ్ 4.3 టన్నులు, లెక్కకి సరిపోయినట్టే ఉంటుంది గానీ తాడు వదులుగా ఉన్నప్పుడు స్విచ్ నొక్కి జర్క్ ఇచ్చావంటే ఆ మిగులు ఏమీ ఉండదు. 8.8 గ్రేడు, అంటే గట్టి ఉక్కు బోల్టు తెచ్చుకో, 14 టన్నుల పైనే ఓర్చుకుంటుంది. ఒక్కటే షరతు: మర ఉన్న భాగం గొట్టం గోడలో కూర్చోకూడదు, నున్నటి భాగమే రావాలి. అందుకని పొడుగు బోల్టు కొని మర వైపు కోసుకో.

గొట్టం దగ్గరే పని చెడేది. 60×60లో 5 ఎంఎం గోడ అంటే లోపల 50 వస్తుంది కదా, 50 కడ్డీ దూరుతుంది కదా అనుకుంటారు. దూరదు. లోపల అతుకు గీత ఉబ్బి ఉంటుంది, మూలలు గుండ్రంగా ఉంటాయి, ఆకురాయితో రెండు రోజులు గీకాలి. గొట్టం కొనడమే మానేశాను నేను. 10 ఎంఎం ఇనుప పట్టీలు నాలుగు కోసి, 50 కడ్డీకి సన్న రేకు ఒక చుట్టు చుట్టి, దాని చుట్టూ పట్టీలు బిగించి అతికిస్తా. ఒకే మూల ఏకబిగిన వెల్డ్ చేయొద్దు. రెండంగుళాలు ఇక్కడ, రెండంగుళాలు ఎదుటి మూల, ఆరనిచ్చి మళ్లీ. పాడు చేశానని చెప్పింది ఇదే, తొందరపడి ఒకే వైపు లాగేస్తే చల్లారేసరికి ముడుచుకుని కడ్డీ లోపలే ఇరుక్కుంది. సుత్తితో కొట్టాం, జాకీతో నెట్టాం, చివరికి గ్యాస్ కటింగే దిక్కయింది. వెల్డింగ్ రాడ్డు 7018 రకం వాడమను, ఓవెన్‌లో తడి ఆరబెట్టినది. గేట్లకి వాడే 6013తో కానిచ్చేస్తా అంటే ఆ షాపు నుంచి బయటికి వచ్చెయ్.

అసలు బలం గొట్టంలో లేదు, గొట్టం వెనక ఏముందో దాంట్లో ఉంది. ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) రెండు పట్టాల మధ్య 100×50 చానల్ (మూడు వైపులా గోడలున్న ఇనుప దూలం) అడ్డంగా వేసి, దాని నడిమధ్య గొట్టం అతికించు. చానల్ రెండు చివరలా 10 ఎంఎం ప్లేట్లు, ఒక్కో వైపు 8.8 గ్రేడు బోల్టులు మూడు తగ్గకుండా. ఛాసిస్‌కి వెల్డ్ చేయొద్దు. ఛాసిస్ లోపల డొల్ల కాబట్టి బోల్టు బిగించేటప్పుడు నొక్కుకుపోకుండా లోపల గొట్టం ముక్క పెట్టి దాంట్లోంచి బోల్టు పోనివ్వాలి.

ఘాట్‌రోడ్డు_కుర్రోడు

పైన అన్న చెప్పింది కరెక్టే, కానీ నా అనుభవం వేరే చోట. నా మౌంట్ నేరుగా లాగినంత కాలం బానే ఉంది. ఒకసారి వాగులో బండి అడ్డంగా ఒరిగితే పక్కనున్న చింతచెట్టుకి పట్టీ కట్టి ఏటవాలుగా లాగాను. టక్ అని చిన్న శబ్దం. తాడు అనుకున్నా. బయటికి వచ్చాక చూస్తే ట్రే మొత్తం చెట్టు వైపు తల తిప్పి ఉంది, కడ్డీ వంగిపోయింది, పిన్ను లాగితే రావట్లేదు. పిన్ను మాత్రం చెక్కు చెదరలేదు! అలాగే వంకర మూతితో ఇంటికి వచ్చా.

గ్రీజుచేతులు

వంగక ఏమవుతుంది తమ్ముడూ. 45 డిగ్రీల పక్కకి ఫుల్ లోడు పెడితే పక్కకి తోసే బలమే 3 టన్నులు. గొట్టం మూతి నుంచి తాడు బయటికొచ్చే చోటికి ఒక అడుగు దూరం ఉంటే, 50 ఎంఎం ఎంఎస్ కడ్డీ తట్టుకునే దానికి ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. 15 డిగ్రీల లోపు లాగితే ఏమీ కాదు.

అందుకే ఇప్పుడు నేను చేసే ట్రేలకి వెనక వైపు రెండు కాళ్లు పెడుతున్నా. కడ్డీకి అటు ఇటు ఒక జానెడు దూరంలో, చానల్‌కి వెళ్లి ఆనుకునేలా. కాళ్ల చివర బోల్టు పెడితే బయట నుంచి స్పానర్‌తో తిప్పి గట్టిగా ఆనించొచ్చు, ట్రే లొడలొడ కూడా పోతుంది. బంపర్ కింద గాలిపోయే సందులోంచి కాళ్లు పోతాయో లేదో ముందు అట్టముక్కతో కొలుచుకో 517.

నైట్‌షిఫ్ట్_ఎలక్ట్రీషియన్

వైర్లు నాకు వదిలేయండి. ఆ సైజు వించ్ ఫుల్ లోడులో 400 ఆంపియర్లకి దగ్గరగా తాగుతుంది. హెడ్‌లైట్ వైర్లతో ఆటలాడొద్దు. 50 స్క్వేర్ ఎంఎం రాగి వెల్డింగ్ కేబుల్ తీసుకో, ప్లస్, మైనస్ రెండూ బ్యాటరీ నుంచే తే, మైనస్‌ని బాడీకి తగిలించి వదిలేయకు. గ్రిల్ దగ్గర ఆండర్సన్ ప్లగ్ (ఎక్కువ కరెంటుకి వాడే, ఊడదీసే ప్లగ్) పెట్టు, 175 ఆంపియర్లది చాలామంది పెడతారు, కాస్త కాస్త ఆగి లాగితే చాలు, 350ది అయితే నిశ్చింత. బ్యాటరీ పక్కనే కటాఫ్ స్విచ్ తప్పకుండా పెట్టాలి. వించ్ తీసేసి తిరిగే పది నెలలూ ఆ ప్లగ్‌లో కరెంటు ఉండకూడదు, రబ్బరు మూత వేసినా సరే. ఇంజిన్ ఆన్‌లో పెట్టి లాగు, అయినా అల్టర్నేటర్ ఆ కరెంటులో పావు వంతు కూడా ఇవ్వలేదు, మిగతాదంతా బ్యాటరీదే. అర నిమిషం లాగి, మోటారు మీద చెయ్యి పెట్టి చూడు. చెయ్యి ఆనకపోతే బీడీ కాల్చుకునేంత సేపు ఆగు.

పుత్తూరు_పాతజీపు

ఇనుప బంపర్ వద్దన్నావు, మంచి పని చేశావు. 2017 డిసెంబర్‌లోనే కేంద్రం బుల్ బార్లు, క్రాష్ గార్డుల (బండి ముందు అదనంగా బిగించే ఇనుప కమ్మీల) మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద. నీ చానల్ బంపర్ లోపలే ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు, అంతమాత్రాన లీగల్ అని నేను అనట్లేదు. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు ముందు ఎక్కడున్నాయో చూసుకుని, వాటి పక్కకి డ్రిల్లు పోనివ్వకు. వించ్ తగిలిస్తే నంబర్ ప్లేటు కప్పేస్తుంది, అలా రోడ్డెక్కొద్దు. ఇంకోటి, మనది ఎర్రచందనం బెల్టు. ముందు వించ్ వేలాడేసుకుని అడవి పక్క రోడ్లలో రాత్రిపూట తిరిగితే మామిడికాయల కథ ఎవరూ నమ్మరు.

మామిడితోట517

ఎర్రచందనం సంగతి నాకు తట్టనే లేదు సామీ, దండం. కాళ్ల ఐడియా ఖాయం. ఇంకో డౌట్: వించ్, ట్రే, కడ్డీ అన్నీ కలిపితే బరువెంత? బురదలో ఒక్కడినే తగిలించగలనా?

గ్రీజుచేతులు

కడ్డీయే అడుగుకి 6 కిలోలు. స్టీల్ తాడు వించ్ అయితే అంతా కలిపి 60 దాకా పోతుంది, ఒక్కడివల్ల కాదు. సింథటిక్ తాడు వేస్తే పది కిలోలు దిగుతుంది, తెగినా కొరడాలా రాదు. రోలర్లు తీసేసి నున్నటి అల్యూమినియం ఫెయిర్‌లీడ్ (తాడు బయటికొచ్చే మూతి) పెట్టు, పాత స్టీల్ తాడు గీతలున్న రోలర్ల మీద కొత్త తాడు పీచుపీచవుతుంది. తోటకి పోయేముందు ఇంటి దగ్గరే తగిలించుకో, కూరుకున్నాక మోకాళ్ల లోతులో పిన్ను వెతుక్కోవడం నరకం.

స్నాచ్ బ్లాక్, అంటే తాడు తిప్పే కప్పీ ఒకటి కొను. తాడు చెట్టు దాకా పోయి, కప్పీ చుట్టి, మళ్లీ నీ బండికే వస్తుంది. ఆ కొసని ఛాసిస్ టో హుక్‌కి (బండిని లాగించుకునే కొక్కేనికి) తగిలించు, ట్రేకి కాదు. అప్పుడు సగం బరువు హుక్ మీద, సగమే ట్రే మీద. ఇంకో లాభం, తాడు ఎక్కువ బయటికి పోతుంది కాబట్టి డ్రమ్ము మీద పొరలు తగ్గుతాయి. 4,300 కిలోలు అని రాసింది కింది పొర లెక్క, పై పొరకి వచ్చేసరికి అందులో మూడో వంతు దాకా తగ్గిపోతుంది. అలాగని మొత్తం వదిలేయకు, సింథటిక్ అయితే పది చుట్లన్నా డ్రమ్ము మీద ఉంచు.

మామిడితోట517

పొద్దున అట్టముక్కతో కొలిచాను. ఎడమ కాలు సరిగ్గా పోతుంది, కుడి వైపు హారన్ అడ్డం. హారన్ రెండంగుళాలు పైకి జరిపితే చాలు. పట్టీలు కోయించి ఆదివారం తిరుపతి వస్తా అన్నా, రేకు నేనే తెస్తా.

గ్రీజుచేతులు

కడ్డీ కూడా తెచ్చుకో, దాని మీదే కదా గొట్టం కట్టేది. మధ్యాహ్నం మూడు తర్వాత రా, పొద్దున ఒక ట్రాలీ ఉంది.