1993లో పుట్టిన నాకు, ఆడా మగా ఇద్దరికీ నప్పే పేరు సూచించగలరా?

నమస్కారం. నన్ను నేను స్త్రీగానో పురుషుడిగానో అనుకోను. అందుకే ఇద్దరికీ చెల్లే పేరు పెట్టుకోవాలని నిశ్చయించుకున్నాను. పుట్టింది 1993లో. పేరు వింటే ఆ కాలపు మనిషే అనిపించాలని నా పట్టుదల.

తాతల తరంలో రత్నం, మాణిక్యం ఆడవాళ్లకీ ఉండేవి, మగవాళ్లకీ ఉండేవి. ఎంత హాయి! కానీ నా వయసుకు అవి పెద్దరికంగా ఉంటాయి. ఆర్య అంటే మరీ ఇప్పటి పిల్లల పేరు.

మా బడిలో హాజరు పిలిచేటప్పుడు చైతన్య అనగానే ఒక అబ్బాయి, ఒక అమ్మాయి కలిసి పలికేవారు. మాస్టారు ఇంటిపేరు కలిపి మళ్లీ పిలిచేవారు. మొదట మనసు పోయింది ఆ పేరు మీదే. అయితే హీరో నాగచైతన్య వచ్చాక అది మగపేరుగానే వినిపిస్తోందా? శశి, భాను కూడా అనుకున్నాను. ప్రసన్న నాకు ప్రాణం, కానీ అమ్మాయి అనుకుంటారేమో. సాయి ఒక్కటే నిలవదు, వెనుక కుమారో లక్ష్మో కావాలి.

2019 ట్రాన్స్‌జెండర్ చట్టం కింద గుర్తింపు ధ్రువపత్రం వస్తే జనన ధ్రువపత్రంలోనూ పేరు మార్చుకోవచ్చు. దరఖాస్తుకు ముందే తేల్చుకోవాలి.

ఈ పేర్లున్నవారు మీలో ఉన్నారా? ఫోనులో పేరు చెబితే అవతలివారు సార్ అంటారా, మేడం అంటారా? నాకు తట్టని పేరేదైనా ఉంటే దయచేసి చెప్పండి.