హెమటైట్ సన్నపొడి: గాస్ పెంచాలా, మ్యాట్రిక్స్ మార్చాలా?

షిఫ్ట్_సి: మా విమ్స్ (నీళ్లు కలిపిన ఖనిజాన్ని బలమైన అయస్కాంతంతో వేరుచేసే యంత్రం) టెయిల్స్, అంటే పారబోసే మిగులు, ఎర్రగా పోతున్నాయి; హెమటైట్ అనే ఇనుప ఖనిజం అందులో పోతోంది. ఫీడ్‌లో 20 మైక్రాన్ల లోపు పొడి ఎక్కువ. 10,000 గాస్ (అయస్కాంత ఫీల్డ్ బలానికి కొలత) మీద నడుపుతున్నాం, 15,000కు పెంచమంటున్నారు. లాభముంటుందా?

ఎర్రమట్టి: తప్పకుండా పెంచండి. మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం అయితే 1,000 గాస్ డ్రమ్ముకే అతుక్కుంటుంది. హెమటైట్‌కు ఆ గుణం తక్కువ, ఫీల్డ్ ఎక్కువ కావాలి. ఇందులో చర్చేముంది?

గాడిప్లేటు: చాలా ఉంది. ఫీల్డ్ అంతటా సమంగా ఉంటే రేణువు ఎటూ కదలదు. చోటు చోటుకూ ఫీల్డ్ మారితేనే లాగుడు పుడుతుంది. మధ్యలో గాడిప్లేట్లో కడ్డీలో (వాటినే మ్యాట్రిక్స్ అంటారు) పెట్టేది అందుకే. ఆ ఉక్కు అయస్కాంతత్వంతో నిండేదాకా ఫీల్డ్ రెట్టింపు చేస్తే బలం నాలుగింతలవుతుంది, నిండాక రెండింతలే. మీరు దాదాపు ఆ హద్దులోనే ఉన్నారు. అసలు చిక్కు రేణువు సైజు. వ్యాసం సగమైతే అయస్కాంతం లాగే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది, నీటి ఈడ్పు మాత్రం సగానికే తగ్గుతుంది. సన్న కడ్డీలు వేయండి, పల్ప్ (నీళ్లు కలిసిన ఖనిజం) వేగం తగ్గించండి.

ఎర్రమట్టి: అంటే గాస్ పెంచితే బలం పెరుగుతుందని మీరే ఒప్పుకున్నారు.

మూడో_జల్లెడ: ముందు లో ఇంటెన్సిటీ (తక్కువ ఫీల్డ్) డ్రమ్ము ఉందా? లేకపోతే మాగ్నటైట్ మ్యాట్రిక్స్‌లో ఇరుక్కుని కడిగినా వదలదు.

షిఫ్ట్_సి: ఉందండి.

గాడిప్లేటు: ఎర్రమట్టి గారూ, హెమటైట్ ఒక్కటే దొరకదు కదా! హెమటైట్ చిన్న మరకలా అంటుకున్న క్వార్ట్జ్ (సిలికా రాయి) కూడా వచ్చేస్తుంది. నేను పనిచేసిన చోట ఇలాగే పెంచారు. కాన్సంట్రేట్ (వేరుచేసి తీసిన ఖనిజం) టన్నులు పెరిగాయని అందరూ సంబరపడ్డారు. సిలికా పెరిగిందని ల్యాబ్ చెప్పేసరికి, కడుగు నీళ్లు సరిగా ఇవ్వలేదని మెమో నాకిచ్చారు. ఆ మెమో ఇప్పటికీ నా దగ్గరుంది.

ఎర్రమట్టి: మీ మెమో కోసం ఖనిజం పారబోసుకోవాలా? నేను పదేళ్లు టెయిలింగ్ పాండ్ గట్టు చూసుకున్నాను. వానొచ్చిన ప్రతిసారీ ఆ ఎర్రనీళ్లు ఎటు పోతాయోనని నిద్రపట్టేది కాదు. ఆ చెరువులోకి పోయేది ఒక్క టన్ను తగ్గినా నాకు చాలు. కాస్త సిలికా వస్తే రానివ్వండి, తర్వాత మళ్లీ శుభ్రం చేసుకోవచ్చు.

గాడిప్లేటు: ఇది మొదటే చెప్పాల్సింది. మీరు రికవరీ (ఎంత ఖనిజం దక్కింది) అడుగుతున్నారు, నేను గ్రేడ్ (అదెంత శుభ్రంగా ఉంది) కాపాడమంటున్నాను. ఆ క్వార్ట్జ్‌ను మళ్లీ నూరకుండా విడదీయలేరు. నూరితే ఇంకా సన్నబడుతుంది, మళ్లీ అదే చెరువు.

ఎర్రమట్టి: నూరినదంతా స్లైమ్ (మరీ సన్నని బురద) అయిపోదు.

షిఫ్ట్_సి: రేపు టెయిల్స్‌ను సైజుల వారీగా విడగొట్టి ఐరన్ చూస్తాం. 10 మైక్రాన్ల లోపే పోతుంటే ముందు కడ్డీలు, పల్ప్ వేగం మారుస్తాం.

ఎర్రమట్టి: 15,000 మీద కూడా ఒక శాంపిల్ తీయండి.

గాడిప్లేటు: తీయండి. పక్కనే సిలికా కూడా రాయండి.